గవరయ్య ఇంటి అంతులేని గీత

చింతలదిబ్బలో ఎవరి తెలివి వాళ్ళకుండేది గానీ, తన ఇంట్లో మాత్రం ఊరికి అరువిచ్చేంత ఉందని గవరయ్య నమ్మకం. "మనం ఎవరి మాటకీ పెడర్థాలు తీయం. చెప్పింది చెప్పినట్టు చేస్తాం. అదీ తెలివంటే," అని తమ్ముడు అప్పలసూరితో రోజుకోసారైనా అనేవాడు. "ఇవాళ రెండోసారి అన్నావన్నయ్యా," అని తమ్ముడు గుర్తుచేసేవాడు.

అలాంటింట్లో గవరయ్య కూతురు నూకరత్నం పదో తరగతి లెక్కల్లో తప్పింది. మళ్ళీ పరీక్ష సోమవారం. ఇదీ పోతే పాలిటెక్నిక్ సీటు పోతుంది. ఆ పిల్లకి గ్రాఫు ఒక్కటే కొరకరాని కొయ్య. శనివారం పొద్దున్నే లెక్కల సారు ఇంటికొచ్చి అందరినీ కూర్చోబెట్టి చెప్పాడు.

"ప్రమేయమంటే భయమెందుకు? పిండిమర లాంటిదే. y = 2x + 1 అనే మరలో ఒకటి వేస్తే మూడొస్తుంది. రెండు వేస్తే ఐదు. వచ్చినవాటికి చుక్కలు పెట్టి కలిపితే సరళరేఖ. దానికి రెండు వైపులా అంతుండదు. ఈ ఒక్క గీత దగ్గరుండి గీయించండి, పిల్ల గట్టెక్కుతుంది."

అంతే. సారు గుమ్మం దాటగానే గవరయ్య కుంచెడు బియ్యం నెత్తిన పెట్టుకుని పిండిమరకి పోయాడు. కుంచెడు పిండి వచ్చింది. గవరయ్య కదల్లేదు.

"ఇంకేటి మావా?" అన్నాడు మర నడిపే సత్తిబాబు.

"ఇంకో రెండు కుంచాలు రావాలి. ఒకటి వేస్తే మూడు."

"ఎవరన్నారు?"

"లెక్కల సారు."

"అయితే ఆయన మరకే పట్టుకెళ్ళు."

"నీ మరకి లెక్కలు రావు, అది చెప్పు," అని జాలిపడి గవరయ్య ఉన్న పిండే ఇంటికి తెచ్చాడు. చుక్కలకి పనికొస్తుంది కదా.

అప్పటికే నూకరత్నం గ్రాఫు కాగితం మీద మూడు చుక్కలు పెట్టి, తడబడుతూ గీత గీసింది. అప్పలసూరి చూసి పెదవి విరిచాడు. "కాగితం అయిపోయింది, గీతా అయిపోయింది. సారు అంతుండదన్నారు కదే."

"అందుకే కదా చిన్నాన్నా, చివర బాణం గుర్తు పెట్టాను."

"బాణం ఎటు పోవాలో చెబుతుంది. పోవద్దూ మరి?"

ఇంకేముంది, గీత ఇంటి గోడెక్కింది. నేల అడ్డగీత, మూల గుంజ నిలువుగీత. గుంజ నుంచి మూరెడు జరిగి మూడు మూరల ఎత్తున పిండిచుక్క. రెండు మూరలు జరిగి ఐదు మూరల ఎత్తున ఇంకోటి. మూడు మూరల దగ్గర నిచ్చెనేసి ఏడో మూర కొలిచేసరికి గవరయ్య తలకి చూరు తగిలింది.

"ఇల్లడ్డొచ్చిందిరా."

"ఇల్లు తరవాతైనా కట్టుకోవచ్చన్నయ్యా. పరీక్ష ఎల్లుండే."

అంతే. పెంకులూడదీసి, ఆ కంతలోంచి గీత పోయే దారినే వెదురు గడ దూర్చారు. దాని చివర ఇంకో గడ కట్టారు.

నూకరత్నం కింద నుంచి చూస్తోంది. పక్కకి జరిగింది ఒక మూరైతే, పైకి పెరిగింది రెండు. మళ్ళీ ఒకటి, మళ్ళీ రెండు. ఏడాదిగా బుర్రకెక్కని లెక్క అప్పుడెక్కింది. "నాన్నా, నాకొచ్చేసింది. ఇంక దిగు," అంది.

"నీకొస్తే సరా? రెండో వైపు గీత రావద్దూ?"

రెండో వైపు x మైనస్ ఒకటైతే y కూడా మైనస్ ఒకటే అని పిల్ల నోరుజారి చెప్పింది. నేల సున్నా అయితే, మైనస్ నేల కిందే ఉండాలి. గుంజకి అవతల మూరెడు తవ్వారు. ఆ పక్కన మూడు మూరలు. ఐదు మూరల గొయ్యి దగ్గర గుంజ ఒరిగింది, గోడ కూర్చుండిపోయింది, పెంకులు జలజలా రాలాయి. ఆ దుమ్ములోంచి గవరయ్య గొంతు వినిపించింది. "చూశావా, గడ మాత్రం నిలబడింది. లెక్క తప్పు కాదు."

సోమవారం పశువులపాకలోంచి పరీక్షకెళ్ళిన నూకరత్నం నవ్వుతూ తిరిగొచ్చింది. "అదే గీత అడిగారు నాన్నా. కళ్ళు మూసుకుని గీసేశాను."

గవరయ్యకి ప్రాణం లేచొచ్చింది. అంతలోనే అనుమానమూ వచ్చింది. "ఎందాకా గీశావమ్మా?"

"కాగితం చివరిదాకా."

అన్నదమ్ములు మొహమొహాలు చూసుకున్నారు. ఇల్లు పోతే పోయింది, గీత నడిమధ్యలో ఆగిపోతే పిల్ల సీటేం కాను?

"ఆ కాగితాలెటు పోయాయి?"

"కట్టలు కట్టి వ్యానెక్కించారు. తారురోడ్డున వెళ్ళిపోయింది. అయినా నాన్నా..."

ఆ 'అయినా' వినేదెవరు? వెదురు గడ చెరో కొసా భుజానేసుకుని, మిగిలిన పిండి నడుముకి కట్టుకుని, ఇద్దరూ వ్యాను వెనకాల పరుగు. దారిలో సత్తిబాబు ఎక్కడికని అడిగితే గవరయ్య ఆగకుండానే చెప్పాడు. "మా రత్నం గీత మధ్యలో ఆగిపోయింది. ఆ కాగితం దొరికితే చాలు, మిగతాది మేం కలిపేస్తాం."

అరమైలు పోయాక గడ వెనక కొసనుంచి అప్పలసూరి రొప్పుతూ అన్నాడు. "అన్నయ్యా, గునపం మర్చిపోయాం. అక్కడ మైనస్ వైపు దేంతో తవ్వుతాం?"

అంతే, ఇద్దరూ గునపం కోసం వెనక్కి తిరిగారు.