నక్క రాయుడి మడుగు బిల్లు

చీమలగుట్ట మీద జంతువుల పిల్లలకు ఒక బడి ఉండేది. గోడల్లేవు, గంట లేదు, ఒక పెద్ద బండ మాత్రం ఉంది. ఆ బండ మీద ఉన్నంతసేపు ఎవరూ ఎవర్నీ తినకూడదన్నది అక్కడి మొదటి పాఠం. ఆ ఒక్క పాఠం వంటబట్టించడానికి కొండముచ్చు మాస్టారికి మూడేళ్లు పట్టింది. నక్కల పిల్లలకైతే ఇంకో ఏడాది ఎక్కువే పట్టింది.

ఏటా ఎండాకాలంలో పెద్ద తరగతి పిల్లలు ఆ బండ మీద శాసనసభ జరిపేవాళ్లు. ఒకరు బిల్లు తెస్తారు, ఒకరు ఎదురు మాట్లాడతారు, పెద్దలు పక్కన వరసగా కూర్చుని వింటారు, చివర్లో పిల్లలంతా ఓటు వేస్తారు. తెల్లరాయి వేస్తే ఔను, నల్లరాయి వేస్తే కాదు. పిల్లలాటే కదా అని తీసిపారేయకండి. అక్కడ నెగ్గిన బిల్లును వానలు పడేదాకా గుట్ట మీది పెద్దలంతా పాటించి తీరాలి. పెద్దలు పెట్టుకున్న సభల్లో కొమ్ములు విరగడం తప్ప ఏదీ తేలడం లేదని, వాళ్ల తాతల నాడే ఆ పని పిల్లలకు అప్పజెప్పారు.

ఆ సభకు ఇంకో ఆచారం కూడా ఉంది. పొద్దున బిల్లు తెచ్చినవాడు మధ్యాహ్నం అదే బిల్లును వ్యతిరేకించాలి. పొద్దున వ్యతిరేకించినవాడు మద్దతుగా మాట్లాడాలి. ఓటు ఆ తర్వాతే. "అవతలి ఒడ్డున నిలబడి చూడనివాడికి ఇవతలి ఒడ్డు కూడా తెలీదర్రా" అనేవారు మాస్టారు. పిల్లలు మాత్రం దాన్ని తూతూమంత్రంగా కానిచ్చేవాళ్లు. మేత మేసి వచ్చి, ఆవులిస్తూ నాలుగు ముక్కలు చెప్పి కూర్చునేవాళ్లు.

ఆ ఏడు ఎండలు మండిపోయి మడుగు సగానికి సగం ఎండింది. ఉన్న నీళ్లలో దున్నలు దిగి దొర్లేసరికి అవి కాస్తా బురదయ్యాయి. తాగబోతే పళ్లకింద ఇసుక తగులుతోంది. ఎవర్ని కదిపినా అదే గోల. సరిగ్గా అప్పుడే గుంటనక్క కొడుకు రాయుడు బిల్లు పట్టుకొచ్చాడు.

రాయుడి నోటి ముందు ఎవరూ నిలవలేరు. ఆ సభలో రోజు మొత్తానికి బాగా మాట్లాడినవాళ్లకు నెమలి పెద్దమ్మ తన ఈక ఒకటి బహుమతిగా ఇస్తుంది. రాయుడు వరసగా మూడేళ్లు మూడు ఈకలు కొట్టాడు. వాటిని తోకకు కట్టుకుని, ఎండలో తళతళలాడేట్టు ఊపుకుంటూ తిరుగుతాడు. బడి వదిలేలోపు నాలుగోది కూడా కట్టాలని వాడి కోరిక.

"సభకు నమస్కారం" అన్నాడు రాయుడు. "మన మడుగు ఎందుకు పాడైంది? గుంపులు గుంపులుగా మీదపడి తొక్కడం వల్ల. అందుకే నా బిల్లు. ఇకమీదట మడుగు దగ్గరికి ఒక్కొక్కరే వెళ్లాలి. మిగతావాళ్లు నూరడుగుల దూరంలో, తుమ్మ చెట్ల వెనక వరసలో నిలబడాలి. వరస తప్పకుండా చూసే కాపలా పని, మీకెవరికీ శ్రమ లేకుండా, మా నక్కలమే ఉచితంగా చేసిపెడతాం."

బండంతా దరువు మోగింది. మాట నచ్చితే కాళ్లతో బండను దరువేయడం అక్కడి చప్పట్లు. జింకలు వేశాయి, అడవిపందులు వేశాయి, మేకపిల్లలైతే ఎగిరెగిరి వేశాయి. గొర్రె కసాయివాణ్ణే నమ్ముతుందని ఊరికే అన్నారా?

దరువు వేయనిది ఒక్క దూది. అది కుందేలుపిల్ల. ఇంట్లో దాని తర్వాత ఏడుగురున్నారు, అందరూ అరచేతిలో పట్టేంత బుడతలు. రోజూ పొద్దున్నే ఎనిమిది మందీ ఒకరినొకరు ఒరుసుకుంటూ మడుగుకు వెళ్లి, నలుగురు తాగుతుంటే నలుగురు చెవులు నిక్కబెట్టి చూసేవాళ్లు. బండ మీద తినకూడదన్న ఒప్పందం ఉంది గానీ మడుగు దగ్గర అలాంటిదేమీ లేదు. అక్కడ కుందేళ్లకు గుంపే దిక్కు.

"అక్కా, మా చిన్నోడు ఒక్కడే వెళ్లాలా?" అంది పక్కనున్న కాటుకతో.

కాటుక దున్నల ఇంటి పడ్డదూడ. నల్లగా, నిదానంగా ఉంటుంది. ఒక మాట అనడానికి రెండుసార్లు నెమరేస్తుంది. ఆ ఏడు ఎదురు మాట్లాడే వంతు దానికే వచ్చింది. మెల్లగా లేచి నిలబడింది.

"ఒంటరిగా వెళ్లినవాళ్లకి ఏదైనా అయితే, చూసేదెవరు?" అంది.

"మేమే చూస్తాం కాటుకమ్మ గారూ. కాపలా అన్నాను కదా" అన్నాడు రాయుడు వినయంగా.

"మీరే చూస్తే... మిమ్మల్ని చూసేదెవరు?"

రాయుడు సభ వైపు తిరిగి నవ్వాడు. "పాపం, ఆవిడ బాధ వేరు. ఒక్కొక్కరే వెళ్లాలంటే బంధువులందరితో కలిసి బురదలో దొర్లే సుఖం పోతుందని దిగులు. మడుగు పాడుచేసిన ఇంటివాళ్లే మడుగు బిల్లు వద్దంటే మనం వినాలా?"

సభ పొట్టలు పట్టుకుని నవ్వింది. కాటుక ఇంకేదో అనబోయింది గానీ, దాని మాట నోటి దాకా వచ్చేసరికి సభ మేతకు లేచిపోయింది.

నీడలో కూర్చుని దూది కళ్లు తుడుచుకుంటోంది. "నువ్వు సరిగ్గానే అడిగావక్కా. ఎవరూ వినలేదు."

"దున్న చెప్తే ఎవరు వింటారే? బురదలో దొర్లేది మేమేనాయె. అందులో అబద్ధం లేదు కూడా" అంది కాటుక. కాసేపు నెమరేసింది. "ఆ మాట రాయుడే చెప్తే వింటారు."

"వాడెందుకు చెప్తాడు? మధ్యాహ్నం లేచి రెండు ముక్కలు నసిగి కూర్చుంటాడు. వాళ్ల నాన్న అలాగే చెప్పమన్నాడు, ఇందాక నా చెవులతో విన్నాను."

"వాడికి కడుపాకలి ఎక్కువా, ఈకాకలి ఎక్కువా?"

దూది తల తిప్పి దూరంగా చూసింది. రాయుడు మేతకు కూడా వెళ్లలేదు. తోక ముందుకు తిప్పుకుని మూడు ఈకలూ నాకి నాకి సవరించుకుంటున్నాడు. దూది ఏడుపు ఆపి ముసిముసిగా నవ్వింది.

"అయితే నేను బాగా మాట్లాడాలి. వాడి బిల్లును వాడికంటే బాగా పొగడాలి. నా మాట ఎక్కడ తడబడుతుందో చెప్పు, ఇప్పుడే అప్పజెప్తాను" అంది కాటుక.

మేత మానేసి ఆ ఇద్దరూ సభ మళ్లీ కూడేదాకా అదే పనిలో ఉన్నారు.

మధ్యాహ్నం సభ మొదలైంది. పిల్లలు అలవాటు చొప్పున కునికిపాట్లు పడుతున్నారు. ఆచారం ప్రకారం కాటుక బిల్లుకు మద్దతుగా లేచింది.

"పొద్దున నన్ను చూసి నవ్వారు. నవ్వాల్సిందే" అంది. "మడుగు పాడు చేసింది మా ఇంటివాళ్లే. నిన్న జింకమ్మ గారు మూడుసార్లు మూతి పెట్టి, తాగలేక వెనక్కి వెళ్లడం నేను చూశాను. నాకు సిగ్గేసింది. తేట నీళ్లు ఎలా ఉంటాయో మన చిన్నపిల్లలకు ఈ ఏడు తెలీనే తెలీదు. ఒక్కొక్కరే వెళ్తే అడుగున ఇసుక కదలదు. పైన ఆకాశం కనిపిస్తుంది. వంగిన వాళ్లకి తమ మొహం తమకి కనిపిస్తుంది. ఆ నీళ్లు ఒక్క గుక్క తాగడం కోసం నూరడుగుల అవతల నిలబడలేమా?"

కునికిపాట్లు వదిలిపోయాయి. దరువు చిన్నగా మొదలై పెద్దదైంది. జింకమ్మ కళ్లు చెమర్చాయి. దున్న పడ్డ ఇంత చక్కగా మాట్లాడగలదని ఆ గుట్ట మీద ఎవరికీ తెలియదు. కొమ్మ మీద నెమలి పెద్దమ్మ మెడ చాచి, ఏ ఈక తీయాలా అన్నట్టు తన పింఛం వైపు చూసుకుంది.

రాయుడు ఆ చూపు చూశాడు.

"చివరిగా ఒక్క మాట" అంది కాటుక. "ఈ బిల్లులో తప్పు పట్టగలిగేవాళ్లు ఈ గుట్ట మీద లేరు. పాపం, ఇప్పుడు రాయుడి వంతు. సొంత బిల్లు గురించి గొప్పలు చెప్పుకోవడం ఎవరికైనా వచ్చు. దీని మీద ఎదురు మాట్లాడాలంటే చాలా తెలివి కావాలి. వాడు ఏ రెండు ముక్కలు నసిగినా మనం ఏమీ అనుకోకూడదు."

అని వెళ్లి తన చోట కూర్చుంది.

రాయుడు లేచాడు. పెద్దల వరసలో వాళ్ల నాన్న గుంటనక్క దగ్గాడు. రెండు ముక్కలు చెప్పి కూర్చోరా అని ఆ దగ్గుకు అర్థం. రాయుడు నోరు తెరిచాడు కూడా. కానీ నెమలి ఇంకా కాటుక వైపే చూస్తోంది. నోట్లో నువ్వుగింజ నానని వాడికి అది భరించరాని దృశ్యం.

"తప్పు పట్టగలిగేవాళ్లు లేరా?" అన్నాడు. "ఎంత అమాయకపు సభ ఇది. ఈ బిల్లులో తప్పులు ఏరాలంటే ఒక పూట చాలదు."

బండ మీద ఒకటి రెండు దరువులు పడ్డాయి. రాయుడి తోక లేచింది.

"ఏముందిలే అందులో? కాపలా కూడా ఉందాయె" అంది కాటుక కూర్చున్నచోటు నుంచే, విసుగ్గా.

"కాపలానా?" రాయుడు ముందుకు వచ్చాడు. "ఎవరి కాపలా? నక్కల కాపలా. కంచే చేను మేస్తే ఏమవుతుందో మీ అమ్మలు మీకు చెప్పలేదా? ఎనిమిది కుందేళ్లు కలిసి వెళ్తే పదహారు చెవులు. ఏ నక్కా దగ్గరికి రాలేదు. అదే ఒక్క కుందేలు తల వంచి తాగుతుంటే, దాని వెనక ఎవరున్నారో దానికేం తెలుస్తుంది?"

దరువు ఊపందుకుంది. గుంటనక్కకు దగ్గు తెర తగులుకుంది. రాయుడు ఆ దగ్గు వినే స్థితిలో లేడు.

"పోనీ, వరసలో ఉన్నవాళ్లు చూస్తారులే" అంది కాటుక.

"ఎలా చూస్తారు? వరస ఎక్కడ పెట్టమన్నాను? నూరడుగుల దూరంలో. అది కూడా తుమ్మ చెట్ల వెనక. ఆ చోటు ఊరికే దొరికిందనుకున్నారా? నాలుగు రోజులు తిరిగి తిరిగి వెతికితే దొరికింది. అక్కణ్నుంచి మడుగు గట్టు కనబడదు. వెళ్లినవాడు తిరిగి రాకపోతే, అటు దారిన ఇంటికి వెళ్లిపోయాడని కాపలావాడు చెప్తాడు. కాదనడానికి సాక్షి ఉండడు. జింకలారా, మేకలారా, మీరు పొద్దున దరువేసింది చట్టానికి కాదు. నక్కల ఇంటి ఎండాకాలపు భోజనానికి."

అని, తల ఎగరేసి, కాటుక వైపు గర్వంగా చూశాడు. ఇప్పుడేమంటావు అన్నట్టు.

దరువు ఆగిపోయింది. గాలికి తుమ్మకాయలు గలగలలాడటం వినబడింది. ఆ నిశ్శబ్దంలో రాయుడికి తాను అన్నది తనకే ఒక్కో మాటగా తిరిగి వినబడింది. తోక మెల్లగా కిందికి దిగింది.

అప్పుడు మోగింది దరువు. జింకలు, మేకలు, పందులు, దున్నలు, అందరూ ఒక్కసారి తన్నేసరికి బండ అదిరి గుట్ట కింద పిట్టలు లేచిపోయాయి. కొండముచ్చు మాస్టారు రెండు చేతులూ ఎత్తి మూడుసార్లు అరిస్తే గానీ సద్దుమణగలేదు.

"ఓటు వేయండర్రా" అన్నారు మాస్టారు.

తెల్లరాళ్లు రెండు పడ్డాయి, అవి రాయుడి పినతండ్రి పిల్లలవి. నల్లరాళ్లు కుప్ప అయ్యాయి. ఆ కుప్ప మీద చివరి రాయి దూది పెట్టింది. మోయలేక మోయలేక తనంత రాయిని దొర్లించుకుంటూ తెచ్చి పెట్టింది.

"బిల్లు పోయింది సరే, బురద మాటేమిటి?" అన్నాడో అడవిపంది.

"దానికి నేను బిల్లు తెస్తున్నాను. రెండే మాటలు" అంది కాటుక. "దున్నలు ఇకనుంచి అందరూ తాగాకే దిగాలి, అదీ దిగువన నీళ్లు పారిపోయే చోట. మిగతావాళ్లు ఎప్పట్లాగే గుంపుగా వెళ్లాలి. మా వాళ్లను ఒప్పించడం నా పూచీ."

"దున్న మీద దున్నే చట్టం తేవడం ఇన్నేళ్లలో ఇదే చూడటం" అన్నారు మాస్టారు. ఎదురు మాట్లాడతామన్నవాళ్లే లేకపోవడంతో ఓటు వెంటనే జరిగింది, ఈసారి నల్లరాయి ఒక్కటి కూడా పడలేదు. దూది బండ మీద గిరగిరా తిరిగింది. కాటుక దానికి మూతి ఆనించి, "రేపు పొద్దున మీ చిన్నోణ్ని ముందు నిలబెట్టు. తేట నీళ్లు వాడే ముందు తాగాలి" అంది.

అన్యాయం చేయడం నెమలి పెద్దమ్మకు తెలియదు. ఎగిరి వచ్చి రాయుడి ముందు వాలింది.

"ఈ రోజు అందరికంటే బాగా మాట్లాడింది నువ్వే నాయనా. నీ బిల్లును ఓడించడం ఇంకెవరి వల్లా అయ్యేది కాదు" అని, ముక్కుతో నిండైన ఈక ఒకటి లాగి వాడి తోకకు తానే కట్టింది.

నాలుగు ఈకలతో రాయుడు బండ దిగాడు. తోక నేల మీద ఈడ్చుకుపోతోంది. కింద గుంటనక్క కాచుకుని ఉన్నాడు. కొడుకును ఎగాదిగా చూశాడు.

"నాలుగయ్యాయి కదరా" అన్నాడు. "పద. ఇంట్లో అందరం తలా ఒకటి నములుదాం."

మెప్పుకు ఆశపడి తెరిచిన నోరు సొంత ఇంటి గుట్టును కూడా దాచలేదు.