బీరప్ప పెట్టిన పండుగ చీరలు

అనగనగా ఒకానొక కాలాన, ఎర్రగుట్టల నడుమ ఉన్న ఒక ఊరిలో బీరప్ప అనే గొర్రెల కాపరి ఉండేవాడు. అతనికి నలభై గొర్రెల మంద ఉండేది. అతను గొర్రెలను మేపేవాడు. భార్య కొమురమ్మ ఉన్ని వడికి గొంగళ్ళు నేసేది. వారికి ఒక కూతురు. తిండికి లోటు లేదు.

బీరప్పకు ముగ్గురు చెల్లెళ్ళు. చిన్ననాడే తల్లి పోతే, వాళ్ళను భుజాన మోసి పెంచినవాడు అతనే. ముగ్గురికీ పెళ్ళిళ్ళు చేశాడు. ఏటా బతుకమ్మ పండుగకు వాళ్ళు పుట్టింటికి వచ్చేవారు. అతను తలా ఒక నూలుచీర పెట్టేవాడు. వాళ్ళు సంతోషంగా కట్టుకుని బతుకమ్మ ఆడేవారు.

ఒక ఏడు అతను చీరల కోసం అంగడికి పోయాడు. దుకాణదారు నూలుచీరలు పక్కకు నెట్టి, ఎదుట పట్టుచీర పరిచాడు. అన్నకు ఎంత ప్రేమ ఉందో ఊరంతా చీర చూసే చెప్పుకుంటుందని మెల్లగా అన్నాడు. ఆ మాట బీరప్ప మనసులో నాటుకుంది. ఐదు గొర్రెలను అమ్మి మూడు పట్టుచీరలు కొన్నాడు.

మరుసటి ఏడు పట్టు ఒక్కటే పెడితే చిన్నతనం అనిపించింది. పది గొర్రెలను అమ్మి, పట్టుచీరలతో పాటు వెండి కడియాలు కూడా పెట్టాడు. ఊరు మెచ్చుకుంది. కానీ మంద తగ్గింది, ఉన్నీ తగ్గింది. వచ్చిన కాస్త ఉన్నీ అమ్మకానికే పోయింది. ఆ వానాకాలం బీరప్ప కూతురికి కప్పుకోను గొంగడి లేదు. పిల్ల తడిసి జ్వరపడి, నెల రోజులు మంచం దిగలేదు.

మూడో ఏడు పండుగ దగ్గరపడింది. బీరప్ప ఈసారి చూడి గొర్రెలను వేరుచేశాడు. వాటికైతే మంచి ధర పలుకుతుంది. కొమురమ్మ దొడ్డి వాకిలికి అడ్డంగా నిలబడింది. పుట్టబోయే పిల్లలను కూడా అమ్ముకుంటే మంద ఎక్కడ మిగులుతుందని అడిగింది.

"తల్లి లేని పిల్లలు కొమురా. వాళ్ళ ముందు చెయ్యి ముడుచుకోమంటావా?" అన్నాడు బీరప్ప.

ఆ మాటకు కొమురమ్మ పక్కకు తొలగింది.

గొర్రెలను తోలుకుని అతను వాగు దాటుతున్నాడు. ఎదురుగా చిన్న చెల్లెలు ఎల్లవ్వ, బిడ్డను చంకనెత్తుకుని నడిచి వస్తోంది. పండుగకు ఇంకా పదిహేను రోజులున్నాయి. ఎక్కడికని ఆమె అడిగితే, మేతకని అన్నాడు. అంగడి దారి ఆమెకు తెలియనిది కాదు. దారి పక్క బండ మీద కూర్చుని అన్నను కూడా కూర్చోమంది.

"నీకొక మాట చెప్పాలనే వచ్చాను అన్నా. నువ్వు పెట్టిన పట్టుచీర చూసి మా అత్త తన కూతుళ్ళకూ అలాంటివే పెట్టాలంది. మా ఆయన కాదనలేక జోడెద్దుల్లో ఒకదాన్ని అమ్మాడు. ఈ ఏడు మా చేను సగం బీడు పడింది."

బీరప్ప తాను ప్రేమగా పెట్టిన చీర చెల్లెలి ఇంట్లో ఎద్దును పోగొట్టిందా అని కుమిలిపోయాడు. ఎల్లవ్వ అతని చెయ్యి పట్టుకుంది. ఆ చీరను ఒక్క పూట కట్టి మడత పెట్టేశానని, నాట్లకూ కలుపుకూ పోయేదానికి పట్టు ఎందుకని అంది. అతను లేచి గొర్రెలను ఇంటివైపు మళ్ళించాడు.

ఆ సాయంత్రం బీరప్ప, కొమురమ్మ, ఎల్లవ్వ కూర్చుని ఆలోచించారు. ముందుగా ఇంటికి కావలసిన ఉన్ని తీసి పక్కన పెట్టింది కొమురమ్మ. తర్వాత అమ్మకానికి కావలసింది తీసింది. మిగిలింది ఒక్క గంపెడు.

"పండుగకు ఇదే. ఇందులో ఎంత అయితే అంత," అంది.

ఆ గంపెడు ఉన్నితో పిల్లలు కప్పుకునే చిన్న గొంగళ్ళు మూడు అయ్యాయి. పండుగ నాడు బీరప్ప వాటిని ముగ్గురు చెల్లెళ్ళ చేతుల్లో పెట్టాడు. పెద్ద చెల్లెలు మైసవ్వ మొహం చిన్నబోయింది. మా అత్తవారికి ఏం చూపాలని గొణిగింది.

బీరప్ప ఉన్న మాట చెప్పాడు.

"మందలో పదిహేను గొర్రెలను అమ్మి మీకు పట్టు పెట్టాను తల్లీ. ఇక నాకు శక్తి లేదు. ఉన్నంతలో ఇది చేశాం."

మైసవ్వ దొడ్డి వైపు చూసింది. ఎప్పుడూ కిక్కిరిసి ఉండే దొడ్డి బోసిగా ఉంది. ఆమె కళ్ళు నిండాయి. ఇన్నాళ్ళూ మాకెందుకు చెప్పలేదని అన్నను కోప్పడింది. అత్తవారికి ఏం చెప్పాలో తానే చూసుకుంటానంది. ఆనక గొంగడి విప్పి తన కొడుకుకు కప్పింది. ఆ తరువాత అక్కాచెల్లెళ్ళు ముగ్గురూ తమ పాత నూలుచీరలతోనే బతుకమ్మ ఆడారు.

చలికాలంలో చూడి గొర్రెలు ఈనాయి. మొదటి ఆడ గొర్రెపిల్లను బీరప్ప మచ్చిక చేసి తన కూతురికిచ్చాడు. మరుసటి ఏడు మంద పెరిగింది. గంప మాత్రం కొమురమ్మ అదే ఉంచింది. పండుగకు నెల ముందే దాన్ని నింపి, అందులో ఏమేం అవుతాయో చూసుకునేవారు. మూడేళ్ళకు ఎల్లవ్వ ఇంటికి ఎద్దు కూడా వచ్చింది. దాని ధరలో కొంత అన్న ఉన్ని డబ్బులోంచి ఇచ్చాడు, కొంత ఆమె భర్త కూడబెట్టాడు.

కాబట్టి పిల్లలూ, పండుగకు ఎంత పెట్టగలమో ముందే చూసుకుని, అంతే మనసారా పెట్టాలి. శక్తికి మించి పెట్టిన కానుక ఇచ్చినవారినీ పుచ్చుకున్నవారినీ కూడా బాధ పెడుతుంది.