నక్క ఒట్టు

కాలవ గట్టున మునగచెట్టు కింద తాబేలు కనకాంబరం మడి పెంచేది. ఆ చోట పొద్దున లేత ఎండ, మధ్యాహ్నానికి నీడ. మొదళ్లలో ఆకుచెత్త పరిచి, నీళ్లు నిలవకుండా చూసుకుంటే ఆ మొక్క ఏళ్ల తరబడి పూస్తుంది. తాబేలు రోజూ చూసుకునేది.

నిరుడు నక్క కూడా నారు పట్టుకెళ్లింది. "నీడ సోమరులకు, తాతా. నా మొక్కలు ఎండలో రాజాల్లా ఉంటాయి" అని దిబ్బ మీద నాటింది. నడివేసవికి అవి అప్పడాల్లా వేగిపోయాయి. మళ్లీ అడగడానికి మొహం చెల్లలేదు. అడగలేనివాడికి మిగిలేది కష్టమో, దొంగతనమో. నక్క కష్టం జోలికి పోలేదు.

తొలకరికి ముందు ఒక పొద్దున తాబేలు కాలవలో నీళ్లు తాగి వచ్చేసరికి, విత్తనానికి ఉంచిన ఎండు కాయల వెన్నులు మాయమయ్యాయి. తగవులు తీర్చే పెద్దమనిషి ఎద్దు వచ్చింది. మునగకొమ్మ మీద గూడు కట్టుకున్న ఉడుత దిగింది. నక్క అప్పుడే అటుగా పోతున్నట్టు వచ్చి నిలబడింది.

"గింజలు దాచుకునే అలవాటు ఎవరిదో వేరే చెప్పాలా, ఎద్దు మామా? దొంగను నెత్తిన పెట్టుకుని తోట పెంచుతున్నాడు మన తాత."

"నేను తీయలేదు" అంది ఉడుత.

"తీయకపోతే ఏవీ? గూడు పీక్కుని పొమ్మను, మామా. పీడ వదులుతుంది."

ఉడుత గూటి వైపు చూసింది. పిల్లలు ఇంకా కళ్లు తెరవలేదు.

ఎద్దు నెమరు ఆపింది. "చెట్టు మీద ఉండేది నువ్వే. నన్నేం చెయ్యమంటావమ్మా?"

తాబేలు నక్కను తేరిపార చూసింది. ఎప్పుడూ పైకి లేచి ఉండే తోక ఇవాళ నేలను రాస్తోంది.

"తొందరేముంది, ఎద్దయ్యా? తడి ఒంటితో ప్రమాణం చేయిద్దాం. ఇద్దరూ కాలవలో మునిగి రండి."

నక్క లోలోపల నవ్వుకుంది. ఒట్టు తీసి గట్టున పెట్టడం దానికి కొత్తా?

ఉడుత మునిగి వచ్చి, "నేను తీయలేదు" అని ఊరుకుంది.

నక్క మూడు మునకలు వేసి వచ్చింది. "మా తాతముత్తాతల మీద ఒట్టు. పారే కాలవ మీద ఒట్టు. నా తోక మీద..."

టప్.

నక్క ఆగింది. టప్, టపటప. తోకలోంచి గింజలు చిమ్మి ఎద్దు మొహాన పడ్డాయి.

"కనకాంబరం కాయ తడి తగిలితే పగులుతుంది, మనవడా" అంది తాబేలు. "ఒక్క వాన దాకా మొక్కను బతికించుకుని ఉంటే నీకూ తెలిసేది."

నక్క తోక కాళ్ల మధ్య దూర్చుకుంది. ఎద్దు కొమ్ములు దించేసరికి, మిగతా ఒట్లు అక్కడే వదిలి దిబ్బ దాటి పోయింది.

"తప్పు నాదమ్మా" అంది ఎద్దు. ఉడుత తలూపి గూటికి ఎక్కిపోయింది.

గింజలు చిమ్మిన చోట వానలకు కొత్త మొక్కలు లేచాయి. ఆ మడిని ఇప్పటికీ 'నక్క ఒట్టు' అనే పిలుస్తారు.

నిజానికి ఒక్క మాట చాలు. అబద్ధానికి ఎన్ని ఒట్లైనా చాలవు.