డోలీ నడక

శేషారత్నం గారిని ఎవరైనా ప్రశ్న అడిగితే ఆమె జవాబు చెప్పేవారు కాదు, ఏదో ఒక పని చెప్పేవారు. ఆ పని పూర్తయ్యేసరికి జవాబు దానంతటదే దొరుకుతుందని ఆమె నమ్మకం. ముప్ఫై ఏళ్లుగా సిగ్నల్ ప్రాసెసింగ్ బోధిస్తున్న ఆవిడ దగ్గర పరిశోధన చేసినవాళ్లంతా ఈ అలవాటును మొదటి ఏడాది తిట్టుకున్నవాళ్లే, ఆ తర్వాత పదిమందికీ గొప్పగా చెప్పుకున్నవాళ్లే. పైడిరాజు మాత్రం ఐదో ఏడు నడుస్తున్నా ఇంకా తిట్టుకోవడం దగ్గరే ఉన్నాడు.

అతను అడిగిన ప్రశ్న ఇది: "మేడమ్, తప్పని తెలిసిన గీతను చూస్తూ చూస్తూ ఎలా పంపడం? దిద్దేస్తే ఏమవుతుంది?"

ఆ గీత సంగతి కొంచెం చెప్పాలి. కొండ మీద ఒక ఆసుపత్రి ఉంది. అక్కడ తల స్కాన్ తీసే యంత్రం ఉంది గాని దాన్ని చదవగల డాక్టరు లేడు. ఆ డాక్టరు కింద నగరంలో ఉంటాడు. మధ్యనున్న ఇంటర్నెట్ వానాకాలంలో నూలుపోగంత సన్నబడిపోతుంది. స్కాన్ అంటే ఒక్క బొమ్మ కాదాయె, ఒకదాని మీద ఒకటి పేర్చిన వందల బొమ్మల దిమ్మ. పైడిరాజు రాసిన ప్రోగ్రాము ఆ దిమ్మను జల్లెడ పడుతుంది. నెమ్మదిగా మారే ఛాయలు ఒక పక్కకు, చటుక్కున మారే అంచులు మరో పక్కకు పోతాయి. పొడవునా ఒకసారి, వెడల్పునా ఒకసారి, లోతునా ఒకసారి జల్లిస్తే ఎనిమిది భాగాలు తేలతాయి, వాటినే బ్యాండ్లంటారు. ఒక్కోదాన్ని ప్రతి దిక్కునా ఒక చుక్క ఉంచి ఒక చుక్క వదిలేస్తూ పలచన చేసి, పెద్దగా ఏమీ లేనివాటిని చిన్నగా మడిచి, ఆ నూలుపోగు మీదే పంపేయవచ్చు. నగరంలో ఎనిమిదింటినీ కలిపితే మళ్లీ అసలు దిమ్మ తయారవుతుంది.

చిక్కల్లా ఏమిటంటే, ఏ జల్లెడా కత్తితో కోసినట్టు వేరుచేయదు. అటుది కొంత ఇటు జారుతుంది, ఇటుది కొంత అటు పోతుంది. పైగా చుక్కలు వదిలేయడం వల్ల, అసలు స్కాన్‌లో లేని సన్నని గీతలు బ్యాండ్లలో పుట్టుకొస్తాయి. ల్యాబులో వాటిని దొంగ గీతలనేవారు. పైడిరాజు శుభ్రం మనిషి. చొక్కా మీద చిన్న మరక పడితే ఇంటికెళ్లి మార్చుకొచ్చే రకం. ఆ గీతల్ని చూస్తుంటే అతనికి ఒళ్లంతా జెర్రులు పాకినట్టుండేది.

శేషారత్నం గారు ప్రశ్న విన్నారు. "రేపు కొండకు వెళ్దాం. ప్రోగ్రాము అక్కడి కంప్యూటర్లో ఎక్కించాలి. గొడుగు తెచ్చుకో," అన్నారు.

వద్దనలేదు కాబట్టి సరేనన్నట్టే అని పైడిరాజు సర్దిచెప్పుకున్నాడు. ఆ సాయంత్రమే దొంగ గీతల్ని తుడిచేసే నాలుగు లైన్లు ప్రోగ్రాములో చేర్చాడు. నాలుగు బ్యాండ్లలో గీతలు కంటికి కనిపించాయి, తుడిచేశాడు. మిగతా నాలుగింటిలో కంటికి ఆనలేదు కాబట్టి లేవనుకున్నాడు. ఒక్కొక్క బ్యాండునూ విడిగా తెరిచి చూసుకుంటే ఎక్కడా చిన్న మచ్చ లేదు. మురిసిపోయాడు. కలిపి చూడటం నగరంలోని ప్రోగ్రాము పని, తన పని కాదు. మేడమ్‌కు మాత్రం చెప్పలేదు. చెబితే మళ్లీ ఏదో పని పురమాయిస్తారని భయం.

మర్నాడు పొద్దున్నుంచీ ఒకటే వాన. ఆసుపత్రి ఇంకా మైలున్నర ఉందనగా కల్వర్టు కొట్టుకుపోయి జీపు ఆగిపోయింది. దిగి నడుద్దామని లాప్‌టాప్‌ను ప్లాస్టిక్ సంచిలో చుడుతుండగా, పక్క కొండ బాట నుంచి ఒక డోలీ దిగివచ్చింది. పొడవాటి వెదురు కర్రకు దుప్పటి కట్టి, అందులో ఒక మనిషిని పడుకోబెట్టి తెస్తున్నారు. ముందు గాసన్న అనే ముసలాయన, వెనుక ఆయన తమ్ముడి కొడుకు బొంజుబాబు. డోలీలో ఉన్నది బొంజుబాబు భార్య చిలకమ్మ. జొన్నచేలో మంచె మీంచి పడి బండకు తల కొట్టుకుందట. రెండుసార్లు వాంతి చేసుకుంది. పిలిస్తే కళ్లు తెరుస్తోంది, మళ్లీ మూస్తోంది.

బొంజుబాబు వాగు రాళ్ల మీద కాలు మెలిపడి కుంటుతున్నాడు. ఒక్కో అడుగుకూ డోలీ ఒక పక్కకు ఒరిగిపోతోంది. శేషారత్నం గారు సంచి తాను అందుకుని పైడిరాజు వైపు చూశారు. అతను వెళ్లి వెనుక కర్ర భుజానికెత్తుకున్నాడు.

కాలేజీలో మూడేళ్లు ఎన్‌సీసీ చేసినవాడు. ముందు మనిషి ఎడమ కాలు వేస్తే తానూ ఎడమ కాలు వేయడం అతనికి ఊపిరి పీల్చుకున్నంత అలవాటు. పది అడుగులైనా వేయకముందే కర్ర పైకీ కిందికీ ఎగరసాగింది. దుప్పటిలో చిలకమ్మ తల అటూ ఇటూ దొర్లింది. ఆమె మూలిగింది. పైడిరాజు కంగారుపడి, ఇంకా జాగ్రత్తగా, ఇంకా కచ్చితంగా అడుగు కలిపాడు. డోలీ ఇంకా ఊగింది. ఇప్పుడామె మూలుగు కూడా వినిపించడం లేదు.

"అడుగు కలపకు బావూ!" ముందునుంచి గాసన్న అరిచాడు. "పిల్ల తల అదిరిపోతంది. నాను ఎడమ ఏత్తే నువ్వు కుడి ఎయ్యి. నా కుదుపుని నీ కుదుపు తినీయాల!"

అది చెప్పినంత తేలిక కాదు. కాలు తెలియకుండానే ముందు కాలితో కలిసిపోతుంది. పైడిరాజు ఆగి, ఒక అడుగు వదిలి, గాసన్న మడమల మీంచి చూపు తిప్పకుండా ఎదురుకాలు వేస్తూ నడిచాడు. వెనకనుంచి చూసేవాళ్లకు ఇద్దరూ తడబడుతున్నట్టే ఉంటుంది. డోలీ మాత్రం కుదుటపడింది. మైలున్నర దూరమూ బొంజుబాబు దుప్పటి పట్టుకుని కుంటుతూ, "చిలకా, ఇలా సూడే," అంటూనే ఉన్నాడు. ఆమె చూసినప్పుడల్లా నలుగురికీ ప్రాణం లేచొచ్చేది.

ఆసుపత్రిలో డాక్టర్ సుహాసిని వెంటనే స్కాన్ తీయించింది. పాత స్కాన్లతో నెమ్మదిగా పరీక్షించి చూసుకుందామనుకున్న ప్రోగ్రాముకు ఇదే మొదటి పని అయింది. పైడిరాజు ఎక్కించాడు, పంపాడు. పదమూడు నిమిషాలకు ఎనిమిది బ్యాండ్లూ దిగువకు చేరాయి. మరో ఐదు నిమిషాలకు నగరంలోని డాక్టరు ఫోన్ చేశాడు.

"ఎడమ పక్క పొడుగ్గా ఒక చార ఉంది. నెత్తురు గూడు కట్టినట్టుంది. ఇక్కడికి దించేయండి. ఆలస్యం చేస్తే మనిషి దక్కదు."

దించడమంటే మళ్లీ డోలీ, మళ్లీ ఆ వాగు, ఆ తర్వాత జీపులో నాలుగు గంటల ఘాట్ రోడ్డు. బొంజుబాబు ఆ మాట విని కుంటుతూ చిలకమ్మ మంచం దగ్గరకు వెళ్లాడు. గాసన్న తడి దుప్పటి పిండడం మొదలుపెట్టాడు.

"నాకైతే ఇక్కడి తెర మీద ఏ చారా కనబడలేదు సార్," అంది సుహాసిని పైడిరాజుతో, గొంతు తగ్గించి. "కాని ఇవి చదవడం నా చదువు కాదు. పెద్దాయన ఉందంటే ఉన్నట్టే కదా."

పైడిరాజు గబగబా కంప్యూటర్ ముందు కూర్చున్నాడు. బ్యాండ్లు ఎనిమిదీ తెరిచి చూశాడు. ఒక్కదానిలోనూ చార లేదు. అన్నీ నిన్న చూసినంత శుభ్రంగా ఉన్నాయి. ఇక్కడ లేనిది అక్కడ ఎలా పుట్టింది? మళ్లీ మొదటినుంచి తెరిచాడు. వరండాలోకి చిలకమ్మను తెచ్చారు. మంచం మీంచి డోలీలోకి మారుస్తుంటే ఆమె మరోసారి వాంతి చేసుకుంది. కర్ర పైకి లేచింది. ముందు గాసన్న, వెనుక ఆసుపత్రి వార్డు బాయ్. మెట్టు దిగుతూ గాసన్న ఎడమ కాలు వేశాడు, వార్డు బాయ్ కుడి కాలు వేశాడు. ఈ ఊరివాడే కాబోలు, అతనికెవరూ చెప్పనక్కర్లేకపోయింది.

పైడిరాజు ఆ కాళ్ల వైపు చూస్తూ ఉండిపోయాడు. ఒక బ్యాండులోని దొంగ గీతకు ఎదురుగీత పక్క బ్యాండులో ఉంటుంది. కలిపినప్పుడు రెండూ ఒకదాన్నొకటి తినేస్తాయి. తాను ఒకదాన్ని తుడిచాడు. కంటికి ఆననిది, జంట పోయినది, ఒంటరిగా నగరానికి వెళ్లి చిలకమ్మ తలలో నెత్తుటి చారై కూర్చుంది.

"ఆపండి!" అని అరిచాడు. తన గొంతు తనకే కొత్తగా వినిపించింది. "ఆ చార ఆవిడది కాదు, నాది!"

అందరూ ఆగిపోయారు. బొంజుబాబుకు ఆ మాట అర్థం కాలేదు. అతను భార్య ముఖమే చూస్తున్నాడు. శేషారత్నం గారు కంప్యూటర్ దగ్గరకు వచ్చారు.

"ఎన్ని లైన్లు చేర్చావు?"

"నాలుగు మేడమ్."

"తీసెయ్."

తీసేశాడు. తుడిచిన నాలుగు బ్యాండ్లలోనూ దొంగ గీతలు మళ్లీ తేలాయి. ఎనిమిదింటినీ అలాగే, ఉన్నవి ఉన్నట్టుగా పంపాడు. నగరానికి ఫోన్ చేసి, మొదటి స్కాన్ నమ్మొద్దని, రెండోది చూసేదాకా ఏమీ అనుకోవద్దని చెప్పాడు. ఆ పదమూడు నిమిషాలూ చిలకమ్మ వరండాలో డోలీలోనే ఉంది. తన లెక్క ఇప్పుడూ తప్పైతే? నిజంగానే నెత్తురు కారుతుంటే, ఈ పదమూడు నిమిషాలూ తాను ఆమె దగ్గర లాక్కున్నవే కదా? తెర మీద ఎంత పంపిందీ చూపించే పట్టీ సగం దగ్గరే నిలబడిపోయింది. ఇంటర్నెట్ పోయిందేమోనని అతను లేచి, కూర్చుని, మళ్లీ లేచాడు. గాసన్న కర్రను భుజం మీంచి దించలేదు. దించమని చెప్పే ధైర్యం ఎవరికీ లేదు. పట్టీ మళ్లీ కదిలింది.

ఫోన్ మోగింది. సుహాసిని ఎత్తి, చాలాసేపు "ఊఁ, ఊఁ" అంటూ వింది.

"చార లేదట," అంది చివరికి. "లోపల నెత్తురేమీ లేదు. పుర్రె మీద వాపు, అంతే. రెండు రోజులు ఇక్కడే ఉంచి కనిపెట్టుకుని ఉండమన్నారు. అసలు కదపొద్దన్నారు."

బొంజుబాబు పెద్దగా ఏడ్చేశాడు. గాసన్న, వార్డు బాయ్ డోలీని మళ్లీ లోపలికి తీసుకెళ్లారు. చిలకమ్మ కళ్లు తెరిచి, ఎవరూ అడగకుండానే, మంచినీళ్లు కావాలంది.

వరండాలో గురువూ శిష్యుడూ మిగిలారు. సిగ్గు, కోపం, ఏది ఎంతో పైడిరాజుకే తెలియదు. "మేడమ్, నిన్న అడిగినప్పుడే ఒక్క మాట చెప్పి ఉంటే..." అన్నాడు. అనేశాక, ఎంత మాటన్నానురా భగవంతుడా అని తల దించుకున్నాడు.

శేషారత్నం గారు ఈసారి ఏ పనీ చెప్పలేదు. తలుపులోంచి లోపలి మంచం వైపు చూశారు.

"నేను చెప్పలేదు, నువ్వూ చెప్పలేదు," అన్నారు. "ఇద్దరం ఒకే కాలు వేశాం, పైడిరాజూ. కుదుపు ఆవిడకు తగిలింది."