వసారాలో పలక

మధ్యాహ్నం దాటింది. చినుకులు పడుతున్నాయి. తూర్పుగాలి గట్టిగానే ఉంది.

కోడలు భూలక్ష్మిని వెంటబెట్టుకుని కాన్వెంటుకి వెళ్ళాను. అక్కడ సిస్టర్ బెర్నాడెట్ మా పేట ఆడవాళ్ళకి కంప్యూటర్ నేర్పుతుంది. ఏ పడవ ఒడ్డుకు చేరిందో ఫోన్లో చూపించే యాప్ ఒకటి ఆవిడ దగ్గరే నేర్చుకుని రాశాను. పడవ చేరగానే రేవులో ఉన్నవాళ్ళు యాప్‌లో గుర్తు పెడతారు. ఇళ్ళ దగ్గర మేం చూసుకుంటాం.

పోయిన వారం గాలికి మా పెద్దాడు, భూలక్ష్మి మొగుడు సింహాద్రి పక్కరేవులో దిగాడు. గుర్తూ పెట్టారు. భూలక్ష్మి ఫోన్లో మాత్రం సాయంత్రం దాకా ‘ఇంకా రాలేదు’ అనే ఉంది. కడుపుతో ఉన్న పిల్ల. ఏడుస్తూ రేవుకి పరిగెత్తి ఇసకలో పడిపోయింది.

ఈవేళ మళ్ళీ గాలి. సింహాద్రి ఒక పడవలో, మా ఆయన ఎర్రయ్య, చిన్నాడు దానయ్య ఇంకో పడవలో. ముగ్గురూ నీళ్ళ మీదే ఉన్నారు.

భూలక్ష్మి వసారాలో బల్ల మీద కూర్చుంది. ఫోన్ చూడమంటే మొహం తిప్పేసుకుంది.

“అది అబద్ధాలకోరు అత్తా.”

లోపల సిస్టర్‌కి యాప్ కోసం నేను రాసిన కోడ్ చూపించాను. తెర మొదటిసారి తెరుచుకున్నప్పటి పని ఆన్‌క్రియేట్‌లో ఉంది. పడవ కబురు కనపడే గడిని అక్కడే పట్టుకుని పేరు పెట్టాను. ఎవరితోనో మాట్లాడి మళ్ళీ యాప్‌లోకి వచ్చినప్పటి పని ఆన్‌రెజ్యూమ్‌లో ఉంది. అక్కణ్ణుంచి ఆ గడి అందలేదు. పేరు పెట్టి పిలిస్తే, తప్పని కంప్యూటర్ ఎర్రగీత గీసింది. అందుకని అక్కడ అలాంటిదే కొత్త గడి చేసి, కొత్త కబురు దాంట్లో రాశాను. ఎర్రగీత పోయింది.

“కబురు దాంట్లో సరిగ్గానే పడుతోంది సిస్టర్. నేను చూశాను. ఎక్కడా తప్పు లేదు.”

“నువ్వు చూశావు” అంది సిస్టర్.

లేచి వెళ్ళి పిల్లల బడిలోంచి రెండు పలకలు తెచ్చింది. ఒకదాని మీద ‘టీ ఇంకా కాలేదు’ అని రాసి భూలక్ష్మి ఒళ్ళో పెట్టింది. రెండోది నాకిచ్చింది.

“టీ అయింది అని రాయి.”

రాశాను. టీ నిజంగానే అయింది. గ్లాసులు మా ముందే ఉన్నాయి.

“భూలక్ష్మీ, టీ అయిందా?” అని కేకేసింది సిస్టర్.

“అవలేదని మీరే కదా రాశారు!”

“ఇంకా పెద్ద అక్షరాలతో రాయి” అంది నాతో.

పలక నిండా రాశాను. మళ్ళీ కేకేసింది.

“పాలు గాని విరిగిపోయాయేటి సిస్టర్?” అంది భూలక్ష్మి.

నేను లేవబోయాను. సిస్టర్ చెయ్యెత్తి ఆపింది. తనే వెళ్ళి భూలక్ష్మి ఒళ్ళోని పలక తీసుకుని, గదికీ వసారాకీ మధ్య గుమ్మానికున్న మేకుకి తగిలించింది.

“నీకు అందుతుందా?”

“అందుతుంది.”

“ఆ పిల్లకి కనపడుతుందా?”

చేత్తో ‘ఇంకా కాలేదు’ చెరిపి, ‘అయింది’ అని రాశాను. భూలక్ష్మి లేచి లోపలికొచ్చి గ్లాసు అందుకుంది.

“చల్లారిపోయింది” అని సణిగింది.

నేను కంప్యూటర్ ముందు కూర్చున్నాను. గడి పేరుని ఆన్‌క్రియేట్ లోపల్నుంచి తీసి, పైన, రెండు పనులకీ అందే చోట పెట్టాను. ఆన్‌రెజ్యూమ్‌లో చేసిన కొత్త గడిని తీసేశాను. మార్చినదాన్ని భూలక్ష్మి ఫోన్లోకి ఎక్కించాను.

సిస్టర్ రెండో పలకని తడిగుడ్డతో తుడుస్తోంది.

“పలకలు ఎన్నయినా ఉంటాయి కాసులమ్మా” అంది. “ఆ పిల్ల చూసేది ఒకటే.”

ఇంటికొచ్చాం. వాన పెరిగింది. పొద్దు వాలుతుండగా భూలక్ష్మికి వాళ్ళమ్మ ఫోన్ చేసింది. మాట్లాడి పెట్టేయగానే యాప్ మళ్ళీ తెర మీదికొచ్చింది; ఉలిక్కిపడినట్టు దాని వైపు చూసింది.

“అత్తా! మారింది. రెండు పడవలూ వచ్చాయంట!”

మూడు తువ్వాళ్ళు తీసుకుని గుమ్మంలో నిలబడ్డాను.

చాలాసేపు వానే. తర్వాత అడుగుల చప్పుడు.

ఎర్రయ్యకి ఒకటి. దానయ్యకి ఒకటి. సందు మలుపులో సింహాద్రి గొంతు వినపడింది. పరిగెత్తుకొచ్చి చెయ్యి చాపాడు.

నా చేతిలో తువ్వాలు మిగల్లేదు. మూడోది అప్పటికే భూలక్ష్మి చేతిలో ఉంది.