నల్లేరు కట్టిన చెయ్యి

ఉదయగిరి కొండల దిగువన చెంగల్రాయుడని ఒక ఎముకల వైద్యుడు ఉండేవాడు. శిష్యులు ఏదైనా అడిగితే ఆయన వెంటనే జవాబు చెప్పడు. "కానీలే, సమయం రానీ" అని వక్కముక్క నోట్లో వేసుకుంటాడు. ఆ సమయం ఎప్పుడొస్తుందో ఆయనకు తప్ప ఎవరికీ తెలియదు.

ఆయన దగ్గర ఆరేళ్లుగా విద్య నేర్చుకుంటున్న పెంచలమ్మ ఒకనాడు నల్లేరు దంచుతూ దంచుతూ రోకలి పక్కన పెట్టేసింది. ముందురోజు సంతలో ఎవరో "మా దడి మీద పాకే తీగేగా మీ మందు!" అని ఆమెను ఎగతాళి చేశారు. పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదని పెద్దలు ఊరికే అన్నారా? ఆ మాట ఆమెకు బాగా గుచ్చుకుంది.

"అయ్యా, నల్లేరు ప్రతి దడి మీదా ఉంది. విరిగిన ఎముకకు అది మంచిదని గొడ్లు కాసుకునేవాళ్లకూ తెలుసు. మరి ఇందులో మన గొప్పేముంది?"

"ఎల్లుండి గురవయ్య చెట్టెక్కుతాడు కదా. అదయ్యాక అడుగు" అన్నాడు గురువు.

గురవయ్య కల్లుగీత మనిషి. రెండున్నర నెలల కిందట తాడిచెట్టు మీంచి పడి ఎడమ ముంజేయి విరగ్గొట్టుకున్నాడు. చెంగల్రాయుడి కళ్లకు అప్పటికే పొర కమ్మడంతో ఆ చెయ్యి పూర్తిగా పెంచలమ్మ పాలబడింది. ఆమె దురద పుట్టకుండా చేతులకు నూనె రాసుకుని లేత నల్లేరు కాడలు కోసింది. మెత్తగా దంచి, నువ్వుల నూనెలో వెచ్చచేసింది. ఎముకను తడిమి సరిచేసి, ఆ ముద్ద పట్టించి, వెదురు దబ్బలు పెట్టి గుడ్డ చుట్టింది. ఎనిమిది రోజులకొకసారి విప్పి మళ్లీ కట్టేది. గొంతు దురద పెట్టకుండా చింతపండు వేసి, రోజూ నల్లేరు పచ్చడి నూరి పంపేది. "చేతికీ నల్లేరే, కంచంలోనూ నల్లేరే! ఇంక నన్ను కూడా దడి మీద పాకించు తల్లీ!" అని గురవయ్య మొత్తుకునేవాడు.

రెండో కట్టునాడు దబ్బ వడ్లగింజంత పక్కకు జరిగిందేమోనని ఆమెకు అనుమానమొచ్చింది. ముడి వేసేసిన కట్టంతా విప్పి మళ్లీ మొదటినుంచి కట్టింది. నొప్పికి ఓర్వలేక గురవయ్య తిట్టిన తిట్టు తిట్టకుండా తిట్టాడు. గురువు పక్కనే కూర్చుని అంతా విన్నాడు.

ఆ ఊళ్లో ఒక కట్టుబాటు ఉంది. చెయ్యి బాగుపడిన గీతగాడు మొదటిసారి చెట్టెక్కేటప్పుడు, కట్టు కట్టిన మనిషి ఆ చెట్టు మొదట్లో నిలబడాలి. పైకెక్కినవాడు దిగేదాకా కదలకూడదు. కదిలితే ఆ చేతిమీద వైద్యుడికే నమ్మకం లేదని లెక్క. ఇక ఆ ఏడు ఆ గీతగాడికి ఎవరూ చెట్లివ్వరు. ఇన్నేళ్లూ అలా నిలబడుతూ వచ్చింది చెంగల్రాయుడే.

అనుకున్ననాడు పొద్దున్నే ఊరంతా తాటితోపులో చేరింది. గురవయ్య నడుముకు మోకు బిగించుకుని సిద్ధంగా ఉన్నాడు. గురువు మాత్రం దూరంగా గట్టుమీద కూర్చుని తమలపాకుకు సున్నం రాసుకుంటున్నాడు.

"అయ్యా, మీరు నిలబడాలి కదా?" అంది పెంచలమ్మ.

"కట్టిందెవరమ్మా?"

పెంచలమ్మ చెట్టు వంక చూసింది. అంత ఎత్తునుంచి మనిషి మీదపడితే ఇంకేమైనా ఉందా! "ఎక్కమంటావా, మోకు విప్పెయ్యమంటావా?" అని గురవయ్య అడిగాడు. ఎప్పుడూ వేళాకోళమాడే మనిషి, ఇప్పుడు నవ్వడం లేదు. అతని పెళ్లాం కొంగు నోట్లో కుక్కుకుని చూస్తోంది. పెంచలమ్మకు రెండో కట్టు గుర్తొచ్చింది. ఆనాడు తిన్న తిట్లన్నీ గుర్తొచ్చాయి.

"ఎక్కు" అంది.

అతను ఎక్కుతుంటే ఆమె చెట్టు మొదట్లోకి వచ్చి నిలబడింది. పొట్టు నెత్తిన రాలుతోంది. తలెత్తి చూడలేదు. సగం చెట్టు దాటాక మోకు చప్పుడు ఆగిపోయింది. "ఓయమ్మో, పక్కకు జరుగు పెంచలమ్మా!" అని ఎవరో అరిచారు. ఆమె పాదం కదపలేదు.

"పెంచలమ్మ తల్లీ! ఒక్కసారి పైకి చూడు!"

చూసింది. గురవయ్య కుడిచెయ్యి గాల్లో ఊపుతున్నాడు. ఎడమచెయ్యి ఒక్కటే చెట్టును పట్టుకుని ఉంది. తోపంతా ఈలలు, కేకలు. పెంచలమ్మకు గర్వం పొంగుకొచ్చింది, కళ్లనీళ్లు తుడుచుకోవాలని కూడా తోచలేదు. గురవయ్య దిగివచ్చి ముంజకాయల గెల ఆమె పాదాల దగ్గర పెట్టాడు.

తిరిగి వస్తుంటే దారి పక్క దడి మీద నల్లేరు. చెంగల్రాయుడు ఆగి, చేత్తో తీగను తడిమాడు.

"ఏదో అడగాలన్నావే?"

పెంచలమ్మకు ఆ సంగతే గుర్తులేదు.

"నాకు చూపు ఆనదు, నిజమే. అయినా అమ్మా, ఇందాక ఆ చెట్టుకింద నిలబడింది ఈ తీగైతే కాదు" అన్నాడు గురువు.