రేవులో చల్లారిన టీ

దాచకుండా ప్రార్థన చేసినందుకు దానియేలుని సింహాల గుహలో పడేసిన బైబిలు కథ మీద ప్రసంగమంటే తీతు తర్వాతే ఎవరైనా. దానియేలు వంతూ అతనిదే, సింహాల వంతూ అతనిదే. ఆ గర్జనకి ముందు వరసలో చంటిపిల్లలు ఏడుపు లంకించుకునేవారు, వెనక వరసలో ముసలమ్మలు ఉలిక్కిపడి నిద్ర లేచేవారు.

అలాంటివాడికి ఓ దిగులు పట్టుకుంది. గోదావరి లంకల్లో సింహాలు లేవు.

"నన్నెక్కడికైనా దూరంగా పంపండి అయ్యగారూ," అని ఓబద్యా పాస్టరుగారి వెంట పడ్డాడు. వాక్యం నేర్చుకోవడానికి ఆయన దగ్గర చేరిన శిష్యుడతను. "శ్రమలుండే చోటికి, చెరసాలలుండే చోటికి పంపండి. విశ్వాసం కోసం వీరుడిలా నిలబడాలనుంది. ఇక్కడేమున్నాయండీ? దోమలు!"

అయ్యగారు ఊ అంటే చాలు, తల మీద చేతులుంచి సేవకు పంపేస్తారు. ఎన్నిసార్లడిగినా ఆ ఊ మాత్రం రాలేదు. ఈసారీ రాలేదు.

"పద, రేవులో టీ తాగొద్దాం," అన్నారాయన.

పాపం, మనలో మన మాట, మందిరంలో సింహమైన మన తీతు రేవులో టీ కొట్టు దగ్గర మాత్రం పిల్లి. మొదట్లో ఒకసారి అక్కడ బుద్ధిగా కళ్ళు మూసుకుని ప్రార్థన చేసుకున్నాడు. పడవ నడిపే నూకరాజు చూశాడు. "ఏటండి బాబూ, టీలో ఈగ పడిందా? చచ్చినోడికి సంతాపమా?" అన్నాడు. రేవు రేవంతా ఘొల్లుమంది.

ఆ రోజు నుంచి తీతు ఓ ఉపాయం కనిపెట్టాడు. టీ అయితే, ఊదుతున్నట్టు వంగి ఆ ఊదడంలోనే ప్రార్థన కానిచ్చేవాడు. ఇడ్లీ అయితే, చెప్పు పట్టీ సర్దుకుంటూ కానిచ్చేవాడు. పైవాడికి వినబడితే చాలు కదా, రేవుకెందుకూ?

ఆ ఉదయం రేవు రేవులా లేదు. మంచు గోదారిని మింగేసి, ఇంకా ఆకలి తీరక ఒడ్డు మీదికి పాకుతోంది. కట్టేసిన పడవలు నీళ్ళ మీదున్నాయో, మబ్బుల్లో వేలాడుతున్నాయో తెలియడం లేదు. అవతలి ఒడ్డుని ఎవరో తడిగుడ్డతో తుడిచేసినట్టుంది. ఎక్కడో కొంగ అరిస్తే ఆ అరుపు కూడా నానిపోయి వచ్చింది. అంత తెల్లదనంలో టీ కొట్టు పొయ్యి ఒక్కటే దానిమ్మ గింజలా ఎర్రగా ఉంది.

పడవలు కదల్లేదు కాబట్టి పడవవాళ్ళంతా బల్లల మీదే ఉన్నారు. అందరికంటే పెద్దగా నవ్వుతున్నది నూకరాజే.

రెండు గ్లాసులొచ్చాయి. తీతు చప్పున ఊదడానికి వంగాడు.

అయ్యగారు గ్లాసు బల్ల మీద పెట్టి, తలపాగా తీసి ఒళ్ళో పెట్టుకుని, కళ్ళు మూసుకున్నారు. అంతే.

పెద్దవాళ్ళు కళ్ళు మూసుకుంటే చిన్నవాళ్ళు గొంతెత్తి ప్రార్థన చెయ్యాలి. వాళ్ళ సంఘంలో అదే వాడుక.

"అయ్యగారూ..." అని గొణిగాడు తీతు.

ఆయన కదల్లేదు. ఆవిరి సన్నబడింది. టీ మీద మీగడ కట్టింది.

"ఒరేయ్ చూడండ్రా!" అన్నాడు నూకరాజు. "అయ్యగారు కునుకు తీస్తన్నారు. దుప్పటేమన్నా కప్పమంటారా, ఆయ్!"

నవ్వులు. తీతు చెవులు కాలిపోయాయి. లేచి మంచులోకి నడిచిపోతే ఎవరికీ కనబడడు కూడా. ఒక కాలు కదిపాడు. ఆ ముసలాయన మూసిన కళ్ళ వంక చూశాడు. కాలు వెనక్కి తీసుకున్నాడు.

కళ్ళు మూసుకున్నాడు.

"తండ్రీ..." అని ఆగి, మళ్ళీ ఎత్తుకున్నాడు. "తండ్రీ, ఈ టీ కోసం వందనాలు. కాచిన చేతుల్ని దీవించు. ఈ మంచులో చిక్కుకుని, వెళ్ళాల్సిన చోటికి వెళ్ళలేక కూర్చున్నవాళ్ళని జ్ఞాపకం చేసుకో. యేసు నామమున అడుగుచున్నాము తండ్రీ, ఆమేన్."

సింహం కాదు కదా, చలికి వణికే మేకపిల్ల గొంతు అది.

కళ్ళు తెరిచాడు. నవ్వులు లేవు. ఎదురుగా బల్ల మీదికి నూకరాజు వచ్చి కూర్చున్నాడు. ఇంత దగ్గరగా చూస్తే అతని కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"మా ఆడది అవతలొడ్డు ఆసుపత్రిలో ఉందండి," అన్నాడు మెల్లగా. "పొద్దున్నే ఆపరేషనన్నారు. ఈ మంచులో పడవెయ్యలేను. ఊరికే కూకుంటే పిచ్చెక్కేలా ఉంది." తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. "ఇందాక చెప్పారే... అది ఇంకోసారి చెప్తారా? ఆమె పేరెట్టి?"

తీతు దిక్కుతోచక అయ్యగారి వైపు తిరిగాడు.

ఆయన చల్లారిన టీని తృప్తిగా చప్పరిస్తున్నారు.

"నన్ను చూస్తావేం? అతను అడిగింది నిన్ను."

తీతు నూకరాజు చెయ్యి పట్టుకున్నాడు.

"వదిన పేరేంటన్నా?"